వీడ్కోలు సభకు ఆవముద్ద

ఆ రోజు మేనేజరుగారి పదవీ విరమణ. ఆఫీసు తెరవగానే వీడ్కోలు సభ. అది సవ్యంగా ముగిస్తే ఆయన ఇంటికి, హెడ్ గుమస్తా ఆయన కుర్చీలోకి. ఇన్నేళ్ళూ ఆయన చెప్పుల చప్పుడు వింటేనే పై ప్రాణాలు పైనే పోయే ఆ గుమస్తా, ఈ ఒక్క పూట గడిస్తే చాలనుకుంటూ తెల్లవారకముందే లేచి కూర్చున్నాడు.

కాని గడవాలిగా! ముందురోజే ఆయన హుకుం జారీచేశారు. "నాకు స్వీట్లు పడవు. మీ ఇంట్లో ముల్లంగి ముక్కలకి ఆవముద్ద పట్టిస్తారే, అది పట్రా. ఘాటుండాలి. చప్పగా ఉందో, వెళ్తూ వెళ్తూ నీ మీద రిపోర్టు రాసి మరీ వెళ్తా."

గుమస్తా భార్య సైన్సు టీచరు. బడికి టైమవుతోందని చెప్పులేసుకుంటూనే పాఠం మొదలెట్టింది.

"పొడి కొట్టిపెట్టాను. చల్లనీళ్ళతో కలపండి, వేణ్ణీళ్ళు పోస్తే ఘాటు చచ్చిపోతుంది. గింజలో రెండు సరుకులు వేరువేరు గదుల్లో ఉంటాయండీ. నలిగి నీళ్ళు తగిలితే అవి కలుస్తాయి, అప్పుడు పుడుతుంది ఘాటు. కొరికిన పురుగుని తరిమెయ్యడానికి మొక్క చేసుకున్న ఏర్పాటది. కలపగానే తెలీదు, కాసేపు ఆగాలి."

"సరే సరే" అన్నాడతను, వీడ్కోలు ఉపన్యాసం బట్టీపడుతూ. పాఠం చెవిదాకా వచ్చింది గాని బుర్రకెక్కలేదు.

ఆమె వెళ్ళగానే పొడిలో నీళ్ళు పోసి కలిపి, వెంటనే నాలిక్కి రాసుకున్నాడు. చప్పగా ఉంది! ఇంకాస్త పొడి వేశాడు, రుచి చూశాడు. అంతే చప్పన. డబ్బా మొత్తం బోర్లించాడు. అదీ చాలక పక్కింటి పిన్నిగారి తలుపు తట్టాడు.

"ఇంత ఆవపిండా? ఊరందరికీ పెడతావేంటి నాయనా?"

"ఒక్కాయనకేనండీ పిన్నిగారూ" అన్నాడు ఏడుపుగొంతుతో.

అదీ కలిపి, ముక్కలకు పట్టించి, ఊపిరాడకుండా మూత బిగించి ఆఫీసుకు పరుగెత్తాడు.

ఏసీ కోసం కిటికీలన్నీ మూసిన గది. పొడుగాటి బల్ల ఈ చివర మేనేజరుగారు, ఆయన వెనకాలే పూలగుత్తి పట్టుకుని హెడ్ గుమస్తా. ఏసీ గాలి వాళ్ళ తలల మీదుగా ఆ చివరికి కొడుతోంది. అక్కడ సిబ్బంది, మధ్యలో పెద్దాఫీసు నుంచి వచ్చిన డైరెక్టరమ్మగారు, వాళ్ళ ముందు ఆ ఆవముద్ద గిన్నె.

"రేపట్నుంచి నేనుండను" అని మేనేజరుగారు మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే అటెండరు మూత తీశాడు.

టైపిస్టు కళ్ళు తుడుచుకుంది. క్యాషియరు ముక్కు చీదాడు. స్టోరుకీపరు వెక్కివెక్కి ఏడవసాగాడు. లేచి బయటికి పోదామంటే మేనేజరుగారు మాట్లాడుతున్నారాయె. ఆయన మాట్లాడుతుంటే దగ్గడానికి కూడా ఆ ఆఫీసులో ఎవరికీ ధైర్యం లేదు. అందరూ కుర్చీలను గట్టిగా పట్టుకుని కన్నీళ్ళు ధారలుగా కార్చేస్తున్నారు. హెడ్ గుమస్తాకు సంగతి అర్థమైంది. నిజం చెబితే డైరెక్టరమ్మను ఏడిపించిన నేరం, చెప్పకపోతే ఇంకేమవుతుందో! ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మేనేజరుగారు వాళ్ళ కళ్ళకేసి చూశారు. "నేనంటే మీకు భయమనుకున్నాను. ఇంత ప్రేమనుకోలేదర్రా!"

డైరెక్టరమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుంటూ లేచారు. "నా సర్వీసులో ఇలాంటి సభ చూళ్ళేదు. నాకే ఆగట్లేదు చూడండి. ఇలాంటి మనిషిని వదులుకోకూడదు. ఇంకో మూడేళ్ళు ఈయన్నే ఉంచుతున్నాం."

"అమ్మా, అది... ఆవా..." హెడ్ గుమస్తా నోరు తెరిచాడు.

మేనేజరుగారు చటుక్కున వెనక్కి తిరిగి అతన్ని కావలించుకున్నారు. "మాట రావట్లేదు కదూ? ఏం పర్లేదు, ఏడువు. ఇంకెక్కడికీ పోను!"

ఆ గదిలో ఆ రోజు ఆవాలతో నిమిత్తం లేకుండా కన్నీళ్ళు పెట్టుకున్నది హెడ్ గుమస్తా ఒక్కడే.