మేస్త్రిగారి కంప్యూటర్‌కు కాపలా

మధ్యాహ్నం కూతురు వచ్చేలోగా కంప్యూటర్‌కు వైరస్‌ల నుంచి రక్షణ ఏర్పాటు చేసేయాలని ఆ రోజు పొద్దున్నే తాళాల మేస్త్రి నిశ్చయించుకున్నాడు. చేయవద్దని కూతురు ముందే చెప్పింది కాబట్టి, చేసి తీరాలన్న పట్టుదల ఇంకాస్త పెరిగింది.

"నాన్నా, అందులో యాంటీవైరస్ గడువు ఎప్పుడో అయిపోయింది. రేపు నేనొచ్చి అమ్మ గొంతు కాపీ చేసుకుని, కొత్తది వేస్తా. అందాకా నువ్వు దాని జోలికెళ్ళకు" అని ముందురోజు ఫోన్‌లో మరీ మరీ చెప్పింది.

"బతుకంతా ఊళ్ళోవాళ్ళ తలుపులకు తాళాలు వేసినవాణ్ణి. నా ఇంట్లో పెట్టెకు తాళం వేయడానికి ఇంకోళ్ళు రావాలా?" అన్నాడు మేస్త్రి, ఫోన్ పెట్టేశాక.

ఆ కంప్యూటర్ ముందుగదిలో, భార్య కుట్టిన పూల గుడ్డ కప్పుకుని ఉంటుంది. కూతురు కాలేజీలో ఉన్నప్పుడు కొన్నది. దాంతోపాటు ఒక మైకు వచ్చింది. అది పనిచేస్తుందో లేదో చూడటానికి కూతురు తల్లిని బతిమాలి నాలుగు మాటలు మాట్లాడించి, 'అమ్మ గొంతు' అన్న ఫైలుగా దాచింది. ఆవిడ పోయాక ఆ గొంతు ఈ లోకంలో మిగిలింది అక్కడొక్కచోటే. మేస్త్రి అప్పుడప్పుడూ గుడ్డ తీసి, ఆ ఫైలు పెట్టుకుంటాడు. "ఏమండీ, తలుపు గడియ వేశారా?" అని మొదటి మాట వినిపించగానే ఆపేస్తాడు. ఆపై మాటలు వినే ధైర్యం ఆయనకు ఇన్నేళ్ళలో చాలలేదు.

అలాంటి పెట్టెకు తాళం లేకపోవడమా? మేస్త్రి కళ్ళజోడు సవరించుకుని ఇంటర్నెట్‌లో వెతికాడు. 'పూర్తిగా ఉచితం' అని మెరిసిపోతున్న దాని మీద నొక్కాడు. అంతే. తెర ఎర్రబడింది. పెట్టెలోంచి మిల్లు సైరన్ లాంటి కూత మొదలైంది. 'మీ కంప్యూటర్‌లో వైరస్‌లు చొరబడ్డాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అన్న అక్షరాలు గంతులేశాయి. మేస్త్రి వెంటనే చేశాడు.

"కంగారుపడకండి సార్. తెర మీద 'అనుమతించు' అని వస్తుంది, అది నొక్కండి. మిగతాదంతా మేం చూసుకుంటాం" అంది అవతలి గొంతు.

మేస్త్రి చెయ్యి మౌస్ మీదే ఆగింది. "ఉండు నాయనా. మా వృత్తిలో ఒక కట్టుబాటుంది. ఎవడైనా వచ్చి 'ఇది నా ఇల్లే, తాళం తియ్యి' అంటే, వాడు ఫలానా అని ఇరుగూ పొరుగూ ఇద్దరు చెప్పాలి. అప్పటిదాకా తాళం మీద చెయ్యి వెయ్యం. నీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఉ... ఉన్నారు సార్. మా సూపర్‌వైజర్."

"ఇవ్వు. ఏమయ్యా, ఈ అబ్బాయి ఎలాంటివాడు?"

"బంగారం సార్" అంది కాస్త బొంగురు గొంతు.

"ఇంకొకరు?"

"మేనేజర్‌ని సార్" అంది అదే గొంతు, ఈసారి ముక్కుతో. "చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. చీమకు కూడా హాని చెయ్యడు."

సాక్షులు ఇద్దరయ్యారు, కట్టుబాటు తీరింది. దొంగకు దొంగే సాక్ష్యం చెప్పగలడన్న సంగతి ఆ కట్టుబాటు పెట్టినవాళ్ళకు తట్టినట్టు లేదు. మేస్త్రి నిశ్చింతగా 'అనుమతించు' నొక్కాడు.

తెర మీద బాణం గుర్తు తనంతట తానే కదిలింది. ఒక్కో అర తెరిచి చూస్తున్నట్టు ఆ ఫైలూ ఈ ఫైలూ తడుముతూ, నేరుగా 'అమ్మ గొంతు' దగ్గరికి వచ్చి నిలబడింది.

"దొంగ! దొంగ లోపలికొచ్చాడు!" అని మేస్త్రి వీధి దద్దరిల్లేలా అరిచాడు.

సైరన్ విని అప్పటికే వాకిట్లోకి వచ్చిన పక్కింటి రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ ఆ మాట విన్నది. ఒకప్పుడు ఆవిడ తలుపుకు తాళం బిగిస్తూ మేస్త్రి ఒక పాఠం చెప్పాడు: దొంగ లోపలుంటే ఎదురెళ్ళకూడదు, బయట తాళం వేసి, కరెంటు మెయిన్ ఆపేసి, ఆ తర్వాత జనాన్ని పిలవాలి. ఆవిడ పాఠాలు మరిచిపోయే మనిషి కాదు. గొళ్ళేనికి వేలాడుతున్న తాళాన్ని టక్కున నొక్కింది. అరుగు మీది మెయిన్ దించింది. అప్పుడు పిలిచింది జనాన్ని.

తెర ఆరిపోయింది. సైరన్ ఆగిపోయింది. మేస్త్రి ఊపిరి పీల్చుకుని తలుపు లాగాడు. రాలేదు. తాళం బయట ఉంది, తాళంచెవి తన జేబులో ఉంది. పైగా అది ఆయన స్వహస్తాలతో చేసిన తాళాల్లోకెల్లా గొప్పది. దాన్ని తన చెవి తప్ప బ్రహ్మదేవుడు కూడా తీయలేడని ఆయన భార్య దగ్గర ఎన్నిసార్లు మీసం తిప్పాడో! దొంగలు తీగ దూర్చకుండా తలుపు కింద రేకు, కిటికీలకు ఇనుప వల కొట్టిందీ ఆయనే. చెవిని బయటికి జార్చడానికి సందు లేదు.

"అన్నయ్యగారూ, లోపల దొంగ ఏం చేస్తున్నాడు?" హెడ్మిస్ట్రెస్ అడిగింది.

"కరెంటు పోగానే వాడూ పోయాడు చెల్లెమ్మా!"

"తాళం వేశాను కదా, ఎట్నుంచి పోయాడు?"

"తీగలోంచి!"

బయట గుసగుసలు బయలుదేరాయి. భయానికి మేస్త్రిగారి మతి చలించిందని వీధి వీధంతా తేల్చేసింది. మూలింటి డాక్టర్ తలుపుకు చెవి ఆనించి, "మేస్త్రిగారూ, ఇవాళ ఏ వారమో చెప్పండి" అన్నాడు.

"పని మానేసినవాడికి ఏ వారమైతే ఏంటయ్యా?"

"చెప్పలేకపోతున్నారు" అని డాక్టర్ జనం వైపు తిరిగి తల పంకించాడు.

తలుపు పగలగొట్టాలని ఒకరు, "గొడ్డలి తగిలిందో, మీ మీద కేసు పెడతా!" అని లోపలి నుంచి మేస్త్రి వాదులాడుతుండగా కూతురు వచ్చింది. సంగతి విని, జనాన్ని పక్కకు జరిపి, తలలోంచి జడపిన్ను తీసింది. లోపల మేస్త్రికి చిన్న చప్పుడు వినిపించింది. బ్రహ్మదేవుడు తీయలేని తాళం ఊడి వచ్చింది.

"ఎలా తీశావే?" అన్నాడు మేస్త్రి, నోరు వెళ్ళబెట్టి.

"ముందు కంప్యూటర్ సంగతి చూద్దాం పద."

ఇంటర్నెట్ తీగ పీకేసి, మెయిన్ వేసి, పెట్టె తెరిచారు. 'అమ్మ గొంతు' చెక్కుచెదరలేదు. కూతురు దాన్ని పెట్టింది.

"ఏమండీ, తలుపు గడియ వేశారా?"

మేస్త్రి చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళింది. కూతురు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. గొంతు సాగిపోయింది.

"ఇంకేం మాట్లాడనే? మీ నాన్న తాళాన్ని మనం జడపిన్నుతో తీస్తామని చెప్పేయనా? వద్దులే పాపం, నొచ్చుకుంటారు. వండిందంతా నేనే తినాలి ఆ పూట." ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్ళ నవ్వు, గిన్నెల చప్పుడు, దూరంగా ఎవరో గట్టిగా దగ్గడం. ఆ దగ్గు తనదే.

"తాళంచెవి అమ్మ ఎక్కడో పెట్టి మరిచిపోయేది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది" అంది కూతురు మెల్లగా.

మేస్త్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మళ్ళీ పెట్టు" అన్నాడు. అలా ఎన్నిసార్లు పెట్టించుకున్నాడో ఇద్దరూ లెక్కపెట్టలేదు.

సాయంత్రం కూతురు 'అమ్మ గొంతు' కాపీ చేసుకుని, కొత్త యాంటీవైరస్ వేసి, "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటావు నాన్నా?" అని అడిగింది.

"ఏదో ఒకటి పెట్టు" అన్నాడు మేస్త్రి, "జడపిన్నుకు రాకపోతే చాలు."