గుండె ప్రారంభోత్సవం

సైబరాబాదులో ఏది మొదలవ్వాలన్నా మంత్రిగారు మీట నొక్కాలి. తొంభై తొమ్మిదిలో ఇది చట్టం కాదు. అంతకంటే గట్టిది, ఆనవాయితీ. ఫౌంటెన్లు, లిఫ్టులు, మరుగుదొడ్లు అన్నీ దానికి కట్టుబడే ఉన్నాయి. (మరుగుదొడ్ల విషయంలో జనం కొంత ఇబ్బంది పడినమాట నిజమే.) కట్టుబడనిది ఒక్కటే తేలింది: చేపపిల్ల గుండె.

మాదాపూర్‌లో ఒక కొత్త అద్దాల భవనం వెనక గదిలో పరిశోధకురాలు స్టెల్లా జీబ్రా చేపలను పెంచుతోంది. వాటి గుడ్డు గాజులాంటిది. జన్యువులు చెప్పినట్టల్లా రెండు పక్కల నుంచి కణాలు నడిచొచ్చి, నడుమ కలిసి, గొట్టమై, మర్నాటికల్లా గుండెగా కొట్టుకోవడం మైక్రోస్కోపులో కళ్లారా చూడొచ్చు. మంత్రిగారు మెచ్చితే గది ఆమెకుంటుంది. లేదంటే కంప్యూటర్ కోచింగు సెంటరుకు పోతుంది. వాళ్లు అప్పుడే వచ్చి కుర్చీలకు కొలతలు కూడా తీసుకుపోయారు.

మీట నొక్కగానే గుండె మొదలవుతుందని ఆహ్వానపత్రిక అచ్చయింది. ముందురోజు ప్రారంభోత్సవాల అధికారి నరేందర్ వచ్చి, మైక్రోస్కోపులోకి వంగి, ఉలిక్కిపడి లేచాడు.

"ఏంది మేడం, అప్పుడే కొట్టుకుంటున్నది!"

"జన్యువులు చెప్పాయండి, కొట్టుకుంటోంది."

"ఎవర్నడిగి చెప్పినయి? సారు వచ్చేది రేపు గదా!"

"నీళ్లు చల్లబరిస్తే ఇంకా మొదలుకానివి కాస్త నిదానిస్తాయండి. ఆపడం మాత్రం నా చేతిలో లేదు."

"ఎవరి చేతిల ఉన్నదో జర కనుక్కోండ్రి. ఆయనతోని నేను మాట్లాడుత."

ఆయనెవరో తేలకపోవడంతో నరేందర్ నేరుగా జన్యువులకే మెమో పంపాడు. (జవాబు రాలేదు. రాకపోవడాన్ని అంగీకారంగా భావించారు.) నీళ్లు చల్లబరిచారు. మంత్రిగారు మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. గుండెలు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు.

వేరే దారి లేక స్టెల్లా మూలనున్న గాజుగిన్నె తెచ్చింది. అందులోని పిల్లలకు ఒక జన్యువు చెడింది. గుండె తయారవుతుంది గాని కొట్టుకోదు.

నరేందర్ ముఖం వెలిగింది. "డిసిప్లినంటే గిది!"

"ఇది జబ్బండి."

"మా ఆఫీసుల అందరం గిట్లనే ఉంటం మేడం. ఎవ్వరు జబ్బనలే."

మంత్రిగారు వచ్చారు. మీట నొక్కారు. గుండె కదల్లేదు. చప్పట్లు మోగాయి. మంత్రిగారు మైక్రోస్కోపులోకి పైనుంచి కాక పక్కనుంచి చూసి, "అద్భుతం" అన్నారు.

గది మంజూరైంది. షరతు ఒక్కటే: ఇకమీదట ఆ క్రమశిక్షణ గల రకాన్నే పెంచాలి.

"గుండె కొట్టుకోని పిల్లలు వారం బతకడం కూడా కష్టమండి," అంది స్టెల్లా.

నరేందర్ శిలాఫలకం మీది దండను సర్దుతూ అన్నాడు:

"వారమంటే శానా మేడం. సారు షురూ జేసినయిల గన్ని దినాలు నడిచినయి తక్కువే."