సందేహముంటే ఎన్ నొక్కండి

ఆ శనివారం ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చిన్నదే. ఇంట్లో కంప్యూటరుకి పదిన్నరకల్లా కొత్త కెర్నెల్ తయారుచేసి ఎక్కించడం, పదకొండుకి ఆఫీసు వాళ్ళ పరీక్షకి పెట్టడం, పన్నెండుకి భోజనం. కెర్నెల్ అంటే ఏమిటని పెళ్ళయిన కొత్తలో భార్య అడిగితే, లోపల కూర్చుని అందరికీ పనులు పురమాయించేది, తను మాత్రం ఎవరికీ కనపడనిది అని చెప్పాడు. అలాంటి మనుషులు ఇళ్ళల్లో కూడా ఉంటారని ఆమె అప్పుడు అనలేదు. అనుకుందంతే.

ఈసారి కట్టేది మామూలు కెర్నెల్ కాదు. ఒక్క మిషన్లో నాలుగు మిషన్లు నడవాలి, నెట్‌వర్కులో ఆ నాలుగూ వేటికవే కనపడాలి, అక్కర్లేని చెత్త ఏదీ ఉండకూడదు. పదకొండు నుంచి పన్నెండు దాకా ఆఫీసులో ఒకతను దొంగదారిన దాంట్లోకి చొరబడటానికి చూస్తాడు. చొరబడ్డాడా, ఇంజనీరుకి బదిలీ. ఊరి చివర గిడ్డంగిలో, కిటికీ లేని గదిలో, పద్ధెనిమిది పాత సర్వర్ల మధ్య ఉద్యోగం. పోయిన వారం మేనేజరు ఆ గది తాళంచెవి చూపించి మరీ చెప్పాడు.

కెర్నెల్ కట్టేముందు కంప్యూటరు వేలకొద్దీ ప్రశ్నలు వేస్తుంది. ఇది కావాలా, అది కావాలా అని. కావాలంటే వై నొక్కాలి, వద్దంటే ఎన్. డిస్కు, తెర, కీబోర్డుల సంగతి ఇంజనీరే పూర్తిచేశాడు. నెట్‌వర్కు ప్రశ్నలు మొదలయ్యే వేళకి మేనేజరు ఫోను వచ్చింది. ఆయన ఫోనంటే అరగంటకి తక్కువ ఉండదు. పేపరు చదువుకుంటున్న తండ్రిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. ప్రతి ప్రశ్న కిందా ఏం చేయాలో రాసే ఉంటుందని చెప్పి, బాల్కనీలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

పెద్దాయన రిటైరయ్యేదాకా ఒక కర్మాగారంలో స్టోర్సు అధికారి. ముప్ఫై ఒక్కేళ్ళు కౌంటరు వెనక కూర్చుని, ఏది అడిగినా "ఎందుకు?" అని జనాన్ని వెనక్కి పంపిన మనిషి. ఆయన హయాంలో స్టోర్సు ఎప్పుడూ నిండుగా ఉండేది. యంత్రాలు ఎప్పుడూ ఆగి ఉండేవి.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మొదటి ప్రశ్న చదివాడు. మిషన్ని నెట్‌కి కలిపే ఫలానా నెట్‌వర్కు కార్డు కావాలా? కింద సన్నక్షరాల్లో సలహా ఉంది: సందేహముంటే ఎన్ నొక్కండి. పెద్దాయన దాన్ని రెండోసారి కూడా చదివాడు. తన మనసెరిగి ఎవరో రాసిన రూలు ఇన్నాళ్ళకి కంటపడింది. రెండో ప్రశ్న కిందా అదే మాట, మూడోదాని కిందా అదే. సందేహాలకి ఆయన దగ్గర కొదవేముంది?

కోడలు కాఫీ తెచ్చేసరికి ఆయన మొహం కందగడ్డలా ఉంది.

"ఉన్నది ఒక్క మిషనే కదమ్మా. నాలుగున్నట్టు చూపించమంటావా అని అడుగుతోంది."

"మీరేమన్నారు మామయ్యగారూ?"

"మా స్టోర్సులో అయితే ఎంక్వైరీ పడేది" అని ఆయన ఎన్ నొక్కాడు.

కోడలికి మొగుణ్ణి పిలవాలనిపించింది. బాల్కనీ తలుపు తీస్తే అతను ఫోనులో "అంతా నా కంట్రోల్లోనే ఉంది సార్" అంటున్నాడు. అలాంటి సమయంలో వెళ్ళి ఆ మాట చెడగొట్టడం మర్యాద కాదని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చిట్టచివరి ప్రశ్న ఇంజనీరు స్వయంగా రాసి పెట్టుకున్నది. పాత కెర్నెల్ తీసేయమంటారా? దానికి పెద్దాయన వై నొక్కాడు. ఆ ఉదయం ఆయన నొక్కిన వై అదొక్కటే. పాత చీపురు వాపసు ఇస్తేనే కొత్త చీపురు. స్టోర్సులో అది మొదటి రూలు.

ప్రశ్నలయ్యాక కెర్నెల్ దానంతటదే కట్టుకోవడానికి ఎప్పుడూ గంట పైగా పడుతుంది; ఆ రోజు పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ఇంజనీరు ఫోను ముగించుకుని వచ్చి గడియారం చూసుకుని, తన ప్రతిభకి తనే కాస్త సిగ్గుపడ్డాడు. ఆఫీసు కోసం పెన్‌డ్రైవులో ఒక కాపీ వేసి, మిషన్ ఆపి మళ్ళీ పెట్టాడు. చక్కగా లేచింది, తెర వెలిగింది. నెట్ మాత్రం రాలేదు.

తన కెర్నెల్‌ని అనుమానించడానికి మనసొప్పక కేబుల్‌ని అనుమానించాడు. కేబుల్ మార్చాడు. తర్వాత కేబుల్ వచ్చే గోడ డబ్బా విప్పాడు. అందులో క్లిప్పు విరిగి బీరువా వెనక్కి ఎగిరింది. బీరువా జరుపుతుండగా పై వాటా ఇంటావిడ దిగొచ్చింది. ఆవిడకి నెట్ ఈ మిషన్ నుంచే ఇచ్చాడు పాపం, మంచితనానికి పోయి. వీడియో కాల్లో ఆవిడ చెల్లెలి మొహం ఆవులింత మధ్యలో ఆగిపోయిందట, పది నిమిషాలుగా నోరు తెరుచుకునే ఉందట. అది చూస్తుంటే తనకి భయంగా ఉందని గుమ్మంలోనే నిలబడిపోయింది.

పదకొండుకి పది నిమిషాలుందనగా ఇంజనీరుకి తండ్రి గుర్తొచ్చాడు.

"నాన్నా, నెట్‌వర్కు కార్డుకి ఏం నొక్కారు?"

"ఏ కార్డుకిరా? వందలున్నాయి."

"ఏదో ఒకదానికి వై నొక్కారా లేదా?"

"ఒకడికిచ్చి ఇంకొకడికి ఇవ్వకపోతే మాటొస్తుంది."

ఇంజనీరు బీరువా వదిలేసి కీబోర్డు దగ్గరికి వచ్చాడు. పాత కెర్నెల్ ఏదని అడిగితే, వాపసు తీసుకున్నానని జవాబొచ్చింది. మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి నొక్కుకుంటూ రావడం తప్ప దారి లేదు. పదకొండు కొట్టింది. పదకొండూ ఇరవైకి మేనేజరు ఫోను మోగితే, ఇంజనీరు రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టుకుని, తీసి మాట్లాడమని భార్యకి తలతో సైగ చేశాడు.

"మేడమ్, మావాడు ఇరవై నిమిషాలుగా కిందా మీదా పడుతున్నాడు. లోపలికి దారే లేదంటున్నాడు. ఏం చేశారు?"

అబద్ధం ఆడటం ఆమెకి అలవాటు లేదు. నిజంలో ఎంత చెప్పాలో మాత్రం బాగా తెలుసు.

"మా మామగారు దగ్గరుండి ఒక్కొక్కటీ చూసి తీసేశారండి."

"వారిది కూడా ఈ లైనేనా?"

"ముప్ఫై ఒక్కేళ్ళు అదే పనండి. ఎవరొచ్చినా వెనక్కి పంపేవారు."

అవతల మేనేజరు గొంతు తగ్గించి, వారికి నా నమస్కారాలు చెప్పండి అన్నాడు. గౌరవం అలాగే ఉంటుంది.

పన్నెండుకి మేనేజరు ఫోనులోనే రిపోర్టు చదివాడు. దొరికిన దారులు: సున్న. ఇంజనీరు నిజాయితీపరుడు. సార్, అసలు నెట్‌వర్కే లేదు సార్ అని రెండుసార్లు చెప్పుకున్నాడు. మావాడికీ లేనట్టే కనపడిందయ్యా, గొప్పతనమంతా అందులోనే ఉంది, అని మేనేజరు మెచ్చుకున్నాడు. బదిలీ రద్దు. నెట్‌వర్కు విభాగానికి ఇకపై అతనే అధికారి. మిగతా పరీక్షలు అక్కర్లేదు, సోమవారం ఆఫీసులో నలభై మిషన్లకీ ఇదే కెర్నెల్. కాపీ మాత్రం నెట్‌లో పంపొద్దు, ప్రమాదం, డ్రైవర్ని పంపిస్తానన్నాడు.

ఇంటావిడ గుమ్మం వదలకపోవడంతో ఇంజనీరు క్లిప్పు కొనుక్కురావడానికి బజారుకి పరిగెత్తాడు. ఆ కాసేపట్లోనే డ్రైవరు చీటీ పట్టుకుని వచ్చాడు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. సంతకం ఉంది, తేదీ ఉంది, ముద్ర కూడా ఉంది. ముప్ఫై ఒక్కేళ్ళలో ఇంత పద్ధతిగా అడిగినవాడు లేడు. ఎందుకని అడక్కుండా పెన్‌డ్రైవు చేతిలో పెట్టేశాడు.

ఆ కాపీ ఎక్కించొద్దని చెప్పడానికి ఇంజనీరు ఆదివారమంతా మేనేజరుకి ఫోను చేస్తూనే ఉన్నాడు. సెలవురోజు ఆయన ఎవరి ఫోనూ తీయడు.

సోమవారం తొమ్మిదికల్లా నలభై మిషన్లలోనూ కొత్త కెర్నెల్ ఎక్కింది. అధికారిగా మొదటి రోజు, సాయంత్రం దాకా ఇంజనీరుకి ఒక్క ఫిర్యాదు మెయిలూ రాలేదు.