మూరెడు చిరుగు

"తుప్పు అనేది ఇనుముకు పట్టే రోగం కాదు, మనుషుల్లో ఉండే క్రమశిక్షణ లోపం!" అని మా భవనం ప్రెసిడెంటుగారు ప్రకటించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఇనుము మాత్రం కొట్టలేదు.

మా వాటా మూడో అంతస్తులో. ముందు పొడుగాటి వరండా, దానికి కొత్తగా పెట్టించిన ఇనుప రెయిలింగు. ఆ కొత్తదనం కలకాలం నిలవాలని ప్రెసిడెంటుగారు దానికి ఆసాంతం ప్లాస్టిక్ కవరు చుట్టించారు. ఆయనింట్లో సోఫాకీ, ఫ్రిజ్జుకీ, టీవీ రిమోటుకీ కూడా కవర్లే! కూర్చుంటే సోఫా కిరకిరలాడుతుంది. మర్యాదస్తుల సోఫా అలాగే మాట్లాడుతుందట!

కవరులోకి వాన వెళ్లదు, నిజమే. కాని తెల్లవారేసరికి లోపల పలచగా చెమ్మ పట్టేది. చుక్క కట్టి జారేంత కాదు, అద్దం మీద ఊపిరి వదిలినంత. ఎండెక్కినా ఆరేది కాదు. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపల రంగు పొంగి, గోధుమ రంగు మరకలు తేలాయి.

"దేవుడు గాలిని ఊరికే ఇచ్చాడంటారాండీ? కాస్త తగలనిస్తే ఆరుతుందేమో!" అన్నాను ప్రెసిడెంటుగారితో, చేతులు నలుపుకుంటూ.

"మీరెంతవరకు చదివారు?"

"పదో తరగతండి."

"అయితే దేవుడి సంగతి మీరు చూసుకోండి. ఇనుము సంగతి కమిటీ చూసుకుంటుంది. అవి మరకలు కావు, డిజైను!"

నా బెంగ డిజైను గురించి కాదు, మా అత్తగారి గురించి. మోకాళ్ల నొప్పుల మనిషి. పొద్దున్నే ఆ రెయిలింగు పట్టుకునే వరండాలో నాలుగడుగులు వేస్తుంది. ప్లాస్టిక్ మీద చెయ్యి జారుతోందని మా గుమ్మం ఎదుట, గోడకు బిగించినచోట, మూరెడు మేర కవరు చించేసింది. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకొని వచ్చి, ఆ మూరెడూ పొడిగుడ్డతో తుడిచి మరీ పట్టుకునేది.

"అల్లుడుగారూ, కాస్త అవతల పట్టుకుంటే ఊగుతోందండీ!" అందొకరోజు.

"కమిటీ ఊగడంలేదంటోందండి. మీరు మాత్రం అటు వెళ్లకండి" అన్నాను.

ఇంతలో ఉత్తమ భవనానికి షీల్డు ఇచ్చే పెద్దమనిషి తెల్లచొక్కాలో తనిఖీకి వచ్చాడు. ప్రెసిడెంటుగారు ఆయన్ని వరండా అంతా తిప్పి, మా గుమ్మం దగ్గర కొయ్యబారిపోయారు.

"ఎవరి పనండీ ఈ చిరుగు? భవనం పరువు తీశారే! ఈ పూటే కప్పెయ్యాలి. లేదా ముసలివాళ్లు వరండాలో నడవడం నిషేధం!"

అత్తగారి ముఖం చిన్నబోయింది. ఆవిడకున్న లోకమల్లా ఆ వరండాయే.

"ఇటు చూడండి సార్! కవరున్నచోట ఎంత దిట్టంగా ఉందో!" అంటూ ప్రెసిడెంటుగారు చిరుగు పక్కనే దర్జాగా చేరగిలబడ్డారు.

ఫట్! కవరు లోపల ఇనుము బిస్కట్టులా విరిగింది. తుప్పు పొడి ఎగిరి పెద్దమనిషి తెల్లచొక్కా గోధుమ రంగుకు తిరిగింది. ప్రెసిడెంటుగారి ఒక కాలు వరండాలో, ఒక కాలు గాల్లో! గాభరాగా రెండు చేతులా దేన్నో వాటేసుకున్నారు. మూరెడు ముక్క! అది ఇసుమంతైనా కదల్లేదు.

నేనూ, పెద్దమనిషీ కలిసి ఆయన్ని లోపలికి లాగాం. కాళ్లు నేలమీదికి వచ్చాయి గాని, చేతులు మాత్రం ఆ ముక్కను వదలవే!

అత్తగారు లోపలికెళ్లి, చించి దాచిన ప్లాస్టిక్ పట్టుకొచ్చింది.

"మీరన్నట్టే ఈ పూటే కప్పేస్తాను బాబుగారూ. కాస్త చేతులు తియ్యండి."