మంత్రిగారు తెరిచిన కార్డు

రేషన్ కార్డుల కంప్యూటర్ ప్రోగ్రాంను ఇకమీదట ఎవరూ పొరపాటున కూడా మూయలేరని మంత్రివర్యులు రెండువేల ఒకటో సంవత్సరం మే నెలలో ప్రకటించారు. దేశంలో ఇదే మొదటిసారి అన్నారు. పురానాపూల్ వాసులుగా మేము గర్వపడ్డాము. దేనికో తర్వాత తెలుస్తుందిలే అని ఊరుకున్నాము.

ఈ ప్రకటన వెనుక చిన్న సంగతి ఉంది. అంతకు వారం ముందు, మా కార్డుల ఆఫీసు ప్రారంభోత్సవంలో, మంత్రిగారు మౌస్ పట్టుకుని మొదటి కార్డు తెరిచారు. అది మా గల్లీ బుచ్చయ్యది. తెర మీద బుచ్చయ్య ఫొటో రాగానే చప్పట్లు మోగాయి. ఆ ఉత్సాహంలో మంత్రిగారి చెయ్యి జరిగి, మూలనున్న ఇంటూ గుర్తు నొక్కుకుంది. ప్రోగ్రాం మొత్తం మూతపడింది. మళ్లీ అదే కార్డు తెరుచుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయన విలేకరుల ముందు నవ్వుతూనే ఉన్నారు. మామూలు మనుషుల దవడలు అంతకు తట్టుకోవు.

విచారణ జరిగింది. ఫైలులో 'గుర్తు తెలియని వేలు' అని రాశారు.

ఆఫీసరు భరద్వాజ్ గారు కోస్తా నుంచి వచ్చినవారు, పట్టుదల గల మనిషి. ప్రోగ్రాం రాసిన ఫణిని పిలిపించారు. ఎవరైనా మూయబోతే 'నిజంగా మూయాలా?' అని కంప్యూటరే అడిగేటట్టు చేద్దామన్నాడు ఫణి.

"అడిగితే జనం అవునంటారయ్యా," అన్నారు భరద్వాజ్ గారు. "అడగొద్దు."

ఇంటూ గుర్తు తీసేశారు. కార్డు కింద ఉండే క్లోజ్ బటన్ తీసేశారు. కీబోర్డు మీద రెండు మీటలు కలిపి నొక్కినా మూసుకుంటుందని తెలిసి, ఆ రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో పీకి, కవరులో పెట్టి లక్క ముద్ర వేసి బీరువాలో దాచారు. కరెంటు పోయినా ఆగకుండా పెళ్లిళ్లకు ఇచ్చే జనరేటరు ఒకటి తెప్పించారు. స్విచ్చి దగ్గర హోంగార్డును కూర్చోబెట్టారు. ఒక కార్డు మూస్తేగాని ఇంకోటి తెరవడం కుదరదని ఫణి నసిగాడు. రెండో కార్డు సంగతి రెండో దశలో చూద్దామన్నారు ఆఫీసరు.

జూన్‌లో బుచ్చయ్య చనిపోయాడు.

అతని భార్య బాలమ్మ మా పక్క పోర్షన్‌లో ఉంటుంది. నేను పరిగి దిక్కు నుంచి బతకవచ్చి కట్టెలు అమ్మే అడ్తీలో పనిచేసుకునేవాణ్ణి. ఆమెను పెద్దమ్మా అంటాను. దినాలు అయ్యాక ఆమె రేషన్ షాపుకు పోతే డీలర్ వైకుంఠం బియ్యం ఇవ్వలేదు. కొత్త రూలు ప్రకారం కార్డు ఎవరి పేరున ఉందో వారే వచ్చి వేలిముద్ర వేయాలి. లేదంటే కార్డు తన పేరున మార్పించుకోవాలి. పెద్దమ్మకు వెనకాముందు ఎవరూ లేరు. డబ్బాలో నాలుగు రోజుల బియ్యం ఉంది.

మరణపత్రం పట్టుకుని ఇద్దరం ఆఫీసుకు పోయాము. కంప్యూటర్ గది బయట చెప్పులు విడవమన్నారు, విడిచాము. లోపల ఊదుబత్తి వెలుగుతోంది. తెర మీద భర్త కనిపించగానే పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భరద్వాజ్ గారు ఆమెకు కుర్చీ వేయించారు. "మీవారి కార్డు మంత్రిగారు స్వయంగా తెరిచిందమ్మా. దాన్ని మూయడం నా చేతుల్లో లేదండీ."

"మూయొద్దు సార్. ఆయన సచ్చిపోయిండని రాయుండ్రి, సాలు."

అలా రాస్తే కార్డు దానంతటదే మూసుకుంటుందన్నాడు ఫణి. భరద్వాజ్ గారు మరణపత్రం మడిచి పెద్దమ్మ చేతికి తిరిగిచ్చారు.

"అయితే ఆయన పోలేదు," అన్నారు.

ఆ మాటే కాగితం మీద కూడా ఇచ్చారు. సదరు బుచ్చయ్య నేటివరకు ఆఫీసు రికార్డుల్లో సజీవుడని, గుండ్రటి ముద్రతో. వైకుంఠం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మర్యాదగా మడిచాడు.

"మంచిదే గద పెద్దవ్వా. ఉన్నడంటున్నరు. తోల్కరా."

రెండు నెలలు పెద్దమ్మ ఇరుగుపొరుగు ఇచ్చిన నూకలతో గడిపింది. పొయ్యి ఒకపూటే వెలిగేది.

ఆగస్టులో 'మూయని నూరు రోజులు' ఉత్సవం వచ్చింది. ఈ నూరు రోజుల్లో మూతపడిన సందర్భాలు సున్నా. తెరిచిన కార్డులు ఒకటి. మొదటి కార్డుదారుకు మంత్రిగారి చేతులమీదుగా సన్మానమని కరపత్రాల్లో అచ్చయింది. ఆ పొద్దున మా గల్లీలోకి జీపు వచ్చింది. భరద్వాజ్ గారే దిగారు. పెద్దమ్మ ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి, తర్వాత నన్ను చూశారు. నాకు నలభై ఏళ్లే అయినా తల పూర్తిగా నెరిసింది.

"మీ పేరేంటండీ?"

చెప్పాను.

"ఈ పూటకి అది వద్దు," అన్నారు.

నేను పెద్దమ్మ వైపు చూశాను. మంత్రికే నేరుగా చెప్పుకుంటానని ఆమె అప్పటికే జీపు ఎక్కుతోంది.

వేదిక మీద మంత్రిగారు నాకు శాలువా కప్పి భుజం తట్టారు. "ఏం బుచ్చయ్యా, ఎట్లున్నవ్?"

పెద్దమ్మ మైకు ముందుకు వంగింది.

"ఆయన సచ్చిపోయిండు సార్. జేష్టంల పోయిండు."

మంత్రిగారు సభ వైపు తిరిగారు. "సూసిండ్రా, ఇన్నేండ్లు కాపురం చేసినా మొగుని మీద అలక తగ్గలే."

సభ నవ్వింది. పెద్దమ్మ ఇంకేదో అనబోయేసరికి మైకు పక్కకు జరిపారు.

తెల్లారి పేపర్లో ఫొటో వచ్చింది: 'మంత్రితో బుచ్చయ్య దంపతుల సరదా ముచ్చట'. వైకుంఠం దాన్ని కత్తిరించి షాపు గోడకు అంటించాడు. అతను ఇరవై ఏళ్లుగా బుచ్చయ్యను ఎరిగినవాడు. మేము పోయేసరికి ఫొటో చూసి, నన్ను చూసి, రిజిస్టరు నా ముందుకు తోశాడు. వేలిముద్ర వేశాను. బియ్యం తూచి సంచిలో పోశాడు.

"పై నెల గూడ నువ్వే రా, బుచ్చన్నా. గామెను ఒక్కదాన్ని తోలకు, ఇయ్యనీకి రాదు."

ఆ వెనక నెల పెత్రమాస వచ్చింది. ఆనాడు పోయినవారి పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్తాము. పెద్దమ్మ షాపు బియ్యమే చేటలో పోసి, పైన రెండు కాయగూరలు పెట్టి, నన్ను తోడు తీసుకుని గుడికి పోయింది. పోయినవారి పేరేమిటని అయ్యగారు అడిగారు.

"బుచ్చయ్య," అంది.

అయ్యగారు చేట నా చేతికిచ్చి, ఇచ్చేవారి పేరు చెప్పమన్నారు.

మా వెనుక వరుసలో వైకుంఠం తన చేట పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ ఒకసారి వెనక్కి చూసింది.

"బుచ్చయ్యనే," అంది.

అయ్యగారు నా చేతిలో నీళ్లు పోశారు.