కొతత్సు కింద పిల్లి

"ఈ దేశంలో ఇంకా నేరాలు జరుగుతున్నాయంటే కారణం ఒక్కటే. నేను ఒకేసారి అన్నిచోట్లా ఉండలేను," అన్నారు మా ఆయన షిగెనోబు, బస్సు దిగుతూ. అది మేం దిగాల్సిన స్టాపు కాదు.

నెలకోసారి పొద్దున్నే ఏదో ఊరికి వెళ్లి, అక్కడి వంట తిని, సాయంత్రానికి ఇల్లు చేరడం మా ఇద్దరి అలవాటు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ హంతకుణ్ణి వెతకడం ఆయన ఒక్కరి అలవాటు.

మంచులో నడిచి నడిచి, కోఫు దగ్గరి కొండల్లో అమెమియా గారనే ఆవిడ నడిపే హోతో సేమ్యా కొట్టుకు చేరాం. గుమ్మంలో బూట్లు విప్పాం. మా ఆయన ముందు మరుగుదొడ్డికి వెళ్లొచ్చి, దీర్ఘాలోచనలో కొతత్సు ముందు, అంటే అడుగున కుంపటి ఉండే పొట్టి బల్ల ముందు, కూలబడ్డారు. నేనూ ఆ బల్ల చుట్టూ కప్పిన బొంత కింద వెచ్చగా కాళ్లు చాపాను. మెత్తగా ఏదో తగిలింది. గుమ్మంలో చూసిన పిల్లే అనుకుని పాదంతో నిమరసాగాను.

ఇనప మూకుళ్లలో గుమ్మడికాయ ముక్కలు, వెడల్పాటి సేమ్యా కుతకుతలాడుతూ వచ్చాయి. పులుసు చుక్క మిగల్చకుండా తాగాను. దానిమీద టీ, ఆ టీ మీద ఇంకో టీ. తిరుగు బస్సు వచ్చే వేళయింది. అది కొండ దిగేదాకా ఎక్కడా ఆగదు. గబుక్కున లేచాను.

మరుగుదొడ్డి ముందు ఒక తాతగారు ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్లేవాళ్లు తొడుక్కుని, వచ్చేటప్పుడు దాని గుమ్మంలోనే విడవాల్సిన మరుగుదొడ్డి చెప్పులు లేవు. చెప్పులు లేవంటే లోపల మనిషి ఉన్నట్టే. ఇక తలుపు తోయడం మర్యాద కాదు.

"చాలాసేపయిందా, తాతగారూ?"

"నా జుట్టు నల్లగా ఉన్నప్పుడు వచ్చానమ్మా."

ఆయన మెల్లగా తలుపు తట్టారు. లోపలివాళ్లు తిరిగి తట్టాలి. ఎవరూ తట్టలేదు.

నా వెనకే వచ్చిన మా ఆయన కళ్లు మెరిశాయి. "మూసిన గది! నిశ్శబ్దం! ఇకుయో, శవం తిరిగి తట్టదు!"

"ఏమండీ, మీకు దణ్ణం పెడతాను. నేను అర్జంటుగా వెళ్లాలి."

"నేరస్థలంలోకా? వీల్లేదు! ఎవరూ కదలొద్దు!"

"కదలకపోతే ఇక్కడే అయిపోతుంది నాయనా," అన్నారు తాతగారు.

గరిటెతో పరుగెత్తుకొచ్చిన అమెమియా గారిని మా ఆయన నిలదీశారు. "ఆఖరున లోపలికి వెళ్లిందెవరు?"

"మీరే కదండీ."

"చూశావా ఇకుయో! హంతకుడు నేను వెళ్లేదాకా కాచుకుని ఉన్నాడు!"

తలుపు బద్దలు కొట్టడానికి ఆయన వెనక్కి, ఇంకా వెనక్కి నడిచారు. కొతత్సు తగిలి వెల్లకిలా పడ్డారు. పడుతూ పట్టుకున్న బొంత ఆయనతోపాటే లేచింది. కిందనుంచి రెండు ఊలు చెప్పులు దొర్లాయి. వాటిమీద 'మరుగుదొడ్డి' అని పెద్దక్షరాలు.

అమెమియా గారి చేతిలో గరిటె జారిపోయింది. పిల్లి పొయ్యి పక్కన నిద్రపోతోంది. నేను నా పాదం వైపు చూసుకున్నాను.

తాతగారు చెప్పుల కోసం ఆగలేదు. తలుపు ఒక్క తోపు తోసి, ఖాళీ గదిలోకి మాయమయ్యారు.

"కేసు తేలిపోయింది," అన్నారు మా ఆయన, నేలమీద నుంచే.

"దోషి ఎవరట?"

"పిల్లి."

నా వంతు వచ్చేసరికి బయట బస్సు హారను మోగుతోంది. ఆ ఊలు చెప్పులు తొడుక్కుని వెళ్లాను. పరుగున బయటికొచ్చి, అమెమియా గారికి వంగి వంగి క్షమాపణలు చెప్పాను. ఆవిడ కిందికి చూసి ఏదో అనబోయి, మర్యాదకు ఊరుకున్నారు. బస్సెక్కి కూర్చున్నాను. ప్రాణం లేచొచ్చింది.

బస్సు కదిలాక మా ఆయన చాలాసేపు నా కాళ్లకేసి చూశారు.

"ఇకుయో," అన్నారు నెమ్మదిగా. "నీ బూట్లేవి?"

ఇన్నేళ్లలో ఆయన సరిగ్గా పట్టుకున్న మొదటి దొంగను నేనే.