యంత్రానికి బొట్టు పెట్టిన సోమవారం

మానవజాతి నిప్పు కనిపెట్టిన తరువాత చేసిన రెండో ఘనకార్యం, మొన్న సోమవారం పొద్దున, పలమనేరు అవతల ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో జరిగింది. జన్యువుల్ని కత్తిరించే విద్యతో తయారైన పరీక్షా యంత్రం అక్కడికి వచ్చింది. చుక్క రక్తం వేస్తే చాలు, అందులో డెంగీ వైరస్ ఆనవాలు వెతుకుతుంది. దొరికితే కత్తిరించి పట్టీ మీద ఎర్రగీత పడేలా చేస్తుంది. పైనున్న చిన్న అద్దంలోంచి ఆ ఎరుపును తానే చూసి ఫలితం చెబుతుంది. అంతా అరగంట పని. (రాహుకాలం పోయేదాకా యంత్రాన్ని పెట్టెలోంచి తీయలేదు. వైరస్ కూడా అంతవరకు ఆగిందనే భావించాలి.)

మొదటి రోగి మునిరత్నం, జ్వరంతో బెంచీ మీద ముడుచుకుని ఉన్నాడు. అతని భార్య దేవకమ్మకు కావలసింది ఒక్కటే మాట. డెంగీ అయితే ఆవుల్ని పక్కింటివాళ్ళకు అప్పగించి తిరుపతి పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. కాకపోతే అసలు జ్వరమేదో తేల్చి ఇక్కడే మందిస్తారు. పాపం, రాత్రంతా ఆమెకు కునుకు లేదు.

త్వరిత నిర్ధారణ ప్రత్యేకాధికారి జయరావు గారు, పూజ కానిదే యంత్రాన్ని ముట్టరాదన్నారు. (ఇది నిబంధన కాదు, అందుకే అందరూ పాటిస్తారు.) టెంకాయ కొట్టి, ముత్తైదువ చేత బొట్టు పెట్టించమన్నారు. దేవకమ్మ మొగుడి ఆయుష్షు కోసం కళ్ళు మూసుకుని మొక్కుకుంది. యంత్రానికి నుదురెక్కడో తెలియక, నిగనిగలాడే ఆ చిన్న అద్దం మీదే ఇంత కుంకుమ అద్దింది.

మునిరత్నానికి డెంగీ ఉందని యంత్రం చెప్పింది. దేవకమ్మ మొగుడి పక్కన కూర్చుని తిరుపతికి మూట కట్టసాగింది. తరువాత కాలికి ముల్లు గుచ్చుకుని వచ్చినవాడికి డెంగీ, వాడికి తోడొచ్చిన బామ్మర్దికీ డెంగీ. ల్యాబ్ టెక్నీషియన్ కోమలి అనుమానమొచ్చి టెంకాయ నీళ్ళు ఒక చుక్క వేసి చూసింది.

"సార్, టెంకాయకు గూడా డెంగీ ఉండాదంట."

"యాడిది ఆ టెంకాయ?" అన్నారు జయరావు గారు.

"మార్కెట్‌ది సార్."

"మార్కెట్ మూయించండి."

తన వేలు కూడా పొడిపించుకుని, విధి నిర్వహణలో డెంగీ సోకినట్టు నమోదు చేయించి, ఆయన తృప్తిగా దగ్గారు. (డెంగీకి దగ్గు అక్కర్లేదని చెప్పే ధైర్యం ఎవరికుంది?)

కోమలి దేవకమ్మ చెవిలో చెప్పింది. "అక్కా, అది సూస్తాండేది నువ్వు పెట్టిన కుంకుమని. తుడిచేస్తాను."

దేవకమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టేసుకుంది. "వద్దు పాపా! ఆయన జరంతో పండుకోనుంటే, నేను పెట్టిన బొట్టు తుడిచేదా?"

కోమలి జయరావు గారిని అడిగింది. ప్రారంభోత్సవ అలంకరణ తొలగించాలంటే జిల్లా అలంకరణ ఉపసంఘం అనుమతి కావాలన్నారాయన. (ఉపసంఘాన్ని ఇంకా వేయలేదు.) మధ్యాహ్నానికి మండలంలో జ్వరం లేని డెంగీ రోగులు బారులు తీరారు.

ఇదంతా వింటున్న మునిరత్నం మూలుగుతూ పెళ్ళాన్ని పిలిచాడు. "ఏమే, బొట్టు పోతే ఇంగోటి పెట్టచ్చు. నేను పోతే యాడ పెట్టుకుంటావు?"

దేవకమ్మ లేచింది. ఏడుస్తూనే కొంగుతో అద్దం తుడిచేసింది. కోమలి కొత్త పట్టీ పెట్టి, మునిరత్నం రక్తం మళ్ళీ వేసింది. డెంగీ లేదని యంత్రం చెప్పింది.

"మరి ఈ జరమేంది పాపా? తొందరగా సూడండి," అని దేవకమ్మ కోమలి చేతులు పట్టుకుంది. డాక్టరమ్మను పిలవడానికి కోమలి పరుగెత్తబోయింది.

జయరావు గారు అడ్డంగా నిలబడ్డారు. పొద్దుటినుంచీ మనిషనీ టెంకాయనీ తేడా లేకుండా అందరికీ ఒకే మాట చెప్పిన యంత్రం, ఇప్పుడు మాట మార్చింది కనుక, అది చెడిపోయిందని తేల్చారు. గుడ్డ చుట్టి సీలు వేయించారు. అది బాగుపడి తిరిగొచ్చేదాకా మొదటి ఫలితమే చెల్లుతుందని, అంతవరకు మునిరత్నం జ్వరం డెంగీ తప్ప మరో జ్వరంగా ఉండరాదని ఉత్తర్వు ఇచ్చారు.